చవితి నాటి తుమ్మికూర

తెలంగాణలో వినాయక చవితి అంటే ఉండ్రాళ్లే కాదు, తుమ్మికూర కూడా. అది విత్తి పెంచే కూర కాదు. వానలు పడితే చేన్లలో, గెట్ల మీద తనంతట తానే మొలుస్తుంది. వానాకాలపు దగ్గుకూ జలుబుకూ మంచిదని పెద్దలు పండగ పేరు పెట్టి, ఏడాదికి ఒక్కసారైనా ప్రతి ఇంట్లో వండేలా చేశారు.

జహీరాబాద్ వైపు మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఇలాంటి కూరలు బోలెడు. గునుగు, దొగ్గలి, చెంచలి, గంగవాయిలి, తెల్లగర్జెల. జొన్నచేన్లో కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు పొద్దుగూకే వేళకు ఒడి నిండా కూరతో ఇల్లు చేరేవారు. పీకి పారేసేదేదో, పొయ్యి మీదికి పోయేదేదో వాళ్ల వేళ్లకు తెలుసు. ఆ ప్రాంతంలోనే పాత పంటలను కాపాడుకుంటూ వచ్చిన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

పెద్దమ్మ కొడుకు, మా అన్న మాత్రం పత్తి వేస్తాడు. కూలీలు దొరకరు, దొరికినా ఆ కూలి గిట్టుబాటు కాదు. అందుకని గడ్డి మందు కొడతాడు. మందును తట్టుకునే రకం కాబట్టి పత్తి నిలబడుతుంది, మిగతా పచ్చదనమంతా వారం పది రోజుల్లో ఎండిపోతుంది. గ్లైఫోసేట్ అనే ఆ గడ్డి మందును లైసెన్సున్న పురుగు నివారణ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఆంక్ష పెట్టింది. ఆ మాట పొలం దాకా రాలేదు, డబ్బా మాత్రం వచ్చింది. అన్నను తప్పుపట్టలేను. అప్పు మీద సాగుతున్న సేద్యం అది.

అన్న కూతురు పదో తరగతి. ఒంట్లో రక్తం తక్కువ. బడిలో వారానికో ఐరన్ గోళీ ఇస్తారు, ఆకుకూరలు తినమని నర్సమ్మ చెబుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కాలి కింద కూర మొలిచే నేల మీద ఇంతమంది ఆడపిల్లలు పాలిపోయి తిరగడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పోయినసారి చవితికి నేను అక్కడే ఉన్నాను. ముందురోజు పెద్దమ్మ మా చేను చుట్టూ, పక్కవాళ్ల గెట్ల వెంట తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. సంతలో కొనుక్కొద్దామన్నాను. “ఏ చేన్ల కోసిండ్రో, ఏ మందు పడ్డదో! పిల్లకు పెట్టేది కాదా?” అని కొట్టిపారేసింది.

పండగ నాడు కోడి కూయకముందే ఎటో పోయింది. తెల్లవారేసరికి సంచి నిండా తుమ్మికూర. గడప తొక్కలేదు. వాకిట్లోనే, కట్టుకున్న చీరతోనే తల మీది నుంచి నీళ్లు కుమ్మరించుకుంది. పండగ స్నానమనుకున్నాను. కూరను పసుపు నీళ్లలో మళ్లీ మళ్లీ కడిగింది. లేత చిగుళ్లు గిల్లి, ఉడకబెట్టి, చేదు నీళ్లు పిండేసి, పెసరపప్పు, పచ్చిమిరపకాయలు వేసి చింతపులుసు పోసింది. పోపు పెడుతుంటే, చాలా ఏళ్లకు ఆ ఇంట్లో మళ్లీ మా చిన్నప్పటి చవితి వాసన.

వద్దు వద్దంటూనే కూర్చున్న పిల్ల రెండోసారి అడిగి వేయించుకుంది. అన్న పళ్లెంలో జొన్నరొట్టె అయిపోకముందే కూర అయిపోయింది.

“ఏడ దొరికిందమ్మా ఇంత కూర? ఊర్ల మందు కొట్టనోడు ఇంక ఎవడున్నడు?” అన్నాడు. “ఆ పొలం ఎవరిదో చెప్పు, ఆళ్లను అడిగి రోజూ తెప్పిస్త.”

పెద్దమ్మ వెంటనే పలకలేదు. మనవరాలి పళ్లెంలోకి ఇంకో గరిటె కూర వడ్డించింది.

“మీ నాయిన దగ్గరికి పోయొచ్చిన బిడ్డా. ఊరు మొత్తంల మీరు మందు కొట్టకుండ ఇడిసిన జాగ ఆ బొందలగడ్డ ఒక్కటే.”