ఉజాలా సీసాలూ ఊరకుక్కలూ

మల్కాజ్‌గిరిలో ఏ కాలనీలోకి వెళ్లినా గేటు పక్కన ఒక ప్లాస్టిక్ సీసా వేలాడుతూ కనిపిస్తుంది. అందులో ఉజాలా కలిపిన నీలం నీళ్లుంటాయి, లేదంటే కుంకుమ కలిపిన ఎర్ర నీళ్లుంటాయి. దాన్ని చూస్తే కుక్కలు గేటు దగ్గర కాలెత్తవని ఇంటివారి నమ్మకం. ఈ విద్య ఎవరు కనిపెట్టారో, ఏ కుక్క మీద పరీక్షించారో ఎవరూ అడగరు. కుక్క కంటికి నీలం, పసుపు బాగానే తెలుస్తాయి. ఎరుపు మాత్రం మట్టిరంగులో కలిసిపోతుంది. అంటే ఎర్ర సీసా కట్టినాయన కుక్కకు కనిపించని హెచ్చరిక జారీ చేశాడన్నమాట. నీలం సీసా కట్టినాయన పరిస్థితి కాస్త మెరుగు. కుక్క సీసాను చూస్తుంది, ఆనవాలు పెట్టుకుంటుంది, మధ్యాహ్నం వచ్చి సరిగ్గా దాని కిందే పడుకుంటుంది.

అదే గేటు మీద ఇంకో హెచ్చరిక కూడా ఉంటుంది: ‘కుక్క ఉన్నది, జాగ్రత్త’. సీసా బయటి కుక్క కోసం, బోర్డు బయటి మనిషి కోసం. లోపలున్న కుక్కను చూసి మాత్రం ఎవరూ భయపడరు. అది పగ్.

పగ్ మన ఇళ్లలోకి సెల్‌ఫోన్ వెంట వచ్చింది. 2003లో హచ్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడు ఎటు పోతే అటు చీకా అనే పగ్ నడిచింది. ఎక్కడికెళ్లినా మా నెట్‌వర్క్ మీ వెంటే అని దాని భావం. ఆ హచ్ తర్వాత వొడాఫోన్ అయింది, 2018లో ఐడియాతో కలిసింది. కంపెనీ పేర్లు మారుతూ పోయాయి గానీ పగ్ మాత్రం ఇంటింటికీ చేరింది. చప్పిడి ముక్కుతో ఊపిరి తీసుకోవడమే దానికి పెద్ద పని. గేటు దాకా పరిగెత్తి దొంగను చూసి మొరిగి రమ్మంటే, దొంగే ఆగి దానికి నీళ్లు పట్టాల్సి వస్తుంది.

పగ్ పాతబడ్డాక హస్కీ వంతు వచ్చింది. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి, ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. మే నెలలో సఫిల్‌గూడ చెరువు గట్టు మీద వాకింగ్‌కు వచ్చిన హస్కీ ముఖం చూస్తే, ఏ జన్మలో ఏ పాపం చేశానా అని లెక్క వేసుకుంటున్నట్టే ఉంటుంది. ఇంట్లో దానికి ఏసీ గది. ఇరవై ఏళ్లుగా ఫ్యాను కింద అలవాటుపడ్డ తాతగారికి ఇప్పుడు ఆ గదిలో చోటు దొరుకుతోంది, హస్కీ పుణ్యమా అని.

అమ్మకానికి పిల్లల్ని పుట్టించడం కోసం విదేశీ కుక్కలను తెచ్చుకోవడాన్ని కేంద్రం 2016 ఏప్రిల్‌లోనే ఆపింది. 2024 మార్చిలో రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 జాతులను ‘క్రూరమైనవి’గా చూపి, వాటి పెంపకం వద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. మరుసటి నెలలోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. ప్రధాని 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో దేశవాళీ కుక్కల్ని పెంచుకోమని కోరారు, ఆ పిలుపు గేటు దాకా వచ్చి బోర్డు చదువుకుని ఆగిపోయినట్టుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాచిన జోనంగి అనే అచ్చ తెలుగు జాతి ఒకటుంది. మల్కాజ్‌గిరిలో జోనంగి అంటే ఎక్కువమంది ఏదైనా టిఫిన్ కాబోలు అనుకుంటారు.

లోపలి కుక్కకూ బయటి కుక్కకూ అసలు తేడా జాతిలో లేదు, భాషలో ఉంది. లోపలి కుక్కతో ఇల్లంతా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. జీవితంలో ఆ భాష జోలికి పోని నాయనమ్మ కూడా ‘సిట్’, ‘కమ్’, ‘నో’ అంటూ మూడు మాటలతో కాపురం నెట్టుకొస్తుంది. వీధి కుక్కకు మాత్రం తెలుగు మీడియం: ‘ఛీ, పో’. ఏ సాయంత్రమైనా పార్కు దగ్గర ఈ సంభాషణ వినొచ్చు.

“అన్నా, మీ కుక్కకేం పెడ్తరు?”

“కుక్క అనకు తమ్మీ, బ్రూనో అను. బాధపడ్తడు.”

పేరు పెట్టి పిలవకపోతే బాధపడే బ్రూనో, పక్కనే చెత్త కవర్ చింపుతున్న నల్లకుక్కను చూసి తోకాడిస్తాడు. అన్న గొలుసు లాగుతాడు. ‘నో బ్రూనో, డర్టీ!’

కుక్కను గౌరవించే పద్ధతి మనకు ఇతిహాసాల నుంచే కొంచెం మెలిక తిరిగి వచ్చింది. మహాభారతం మొదట్లోనే ఒక కుక్క ఫిర్యాదు ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గరకు వచ్చిన కుక్కపిల్లను రాజుగారి తమ్ముళ్లు కొట్టారు. అది హవిస్సును ముట్టలేదు, కనీసం చూడలేదు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరకు వెళ్లి నిలదీసింది, జవాబు రాకపోతే శాపం పెట్టి మరీ వెళ్లింది. నన్నయ తెలుగు భారతంలోనూ ఈ కథ ఉంది. భారతం చివర్లో మళ్లీ కుక్క. ధర్మరాజు వెంట హిమాలయాలెక్కింది; దాన్ని వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంటే ఆయన ఒప్పుకోలేదు. తీరా చూస్తే ఆ కుక్క యమధర్మరాజు! ఇక్కడే ఉంది చిక్కు. మన కథల్లో కుక్క గొప్పదని తేలాలంటే అది కుక్క కాదని తేలాలి. దత్తాత్రేయుడి పటంలో కాళ్ల దగ్గర నిలబడ్డ నాలుగు కుక్కలు నాలుగు వేదాలు. అవే పటం దిగి వీధిలోకొస్తే ఉజాలా సీసా.

గీత ఐదో అధ్యాయంలో కృష్ణుడు పండితుణ్నీ, ఆవునూ, ఏనుగునూ, కుక్కనూ సమంగా చూసేవాడే జ్ఞాని అన్నాడు. ఘంటసాల పాడిన గీతను మన ఇళ్లకు చేర్చింది హెచ్‌ఎంవీ. గ్రామఫోన్ ముందు చెవి రిక్కించి కూర్చున్న నిప్పర్ అనే కుక్క ఆ కంపెనీ గుర్తు. తెలుగునాట భగవద్గీతను అందరికన్నా శ్రద్ధగా, అన్నిసార్లు గిర్రున తిరుగుతూ విన్న శ్రోత అదే. మనుషులు ఎక్కువగా శవయాత్రల్లో విన్నారు.

వ్యంగ్యం ఆగాల్సిన చోటు ఒకటుంది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కలు ఒక పసివాణ్ని చంపేశాయి. ఆ సీసీ కెమెరా దృశ్యం చూసిన తల్లులు పిల్లల్ని ఒంటరిగా దుకాణానికి పంపడం మానేశారు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడగాలని, ఆలస్యం లేకుండా టీకా వేయించాలని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు. ఇంకా కొన్ని ఇళ్లలో కారం అద్దుతూనే ఉన్నారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచే పాత టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది, దాని భయం మాత్రం ఆగలేదు. విచిత్రమేమంటే రేబిస్ టీకాలకు హైదరాబాద్ పెద్ద చిరునామా. 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఇక్కడే ఉంది, మనిషికి అభయ్‌రాబ్, కుక్కకు రక్షారాబ్ తయారుచేస్తుంది. రెండు వర్గాలకూ మందు ఒకే ఊళ్లో దొరుకుతున్నా, రాజీ మాత్రం ఏ ఊళ్లోనూ దొరకడం లేదు.

ఆ రాజీ కోసం సుప్రీంకోర్టు కూడా కష్టపడింది. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జీల ధర్మాసనం ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని సవరించింది: కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకొచ్చిన చోటే వదిలేయండి, రేబిస్ సోకినవాటిని, మీద పడి కరిచేవాటిని మాత్రం వదలొద్దు, రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దు, ప్రతి వార్డులో దానికో చోటు చూపించండి. తమ దగ్గరకొచ్చిన కుక్కల ప్రేమికులు తలా 25 వేలు, స్వచ్ఛంద సంస్థలు రెండేసి లక్షలు కట్టాలని కూడా చెప్పింది. సరమ కాలంలో కోర్టు ఫీజు లేదు కాబట్టి బతికిపోయింది. నవంబర్ 7న ఇంకో ఉత్తర్వు: బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసేయాలి, తిరిగి అక్కడ వదలకూడదు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద సమోసా తునక కోసం కాచుకునే కుక్కకు ఈ తీర్పు ఎవరు చదివి వినిపించాలో ఉత్తర్వులో లేదు.

వీధి కుక్కకు చెవి కొన మీద చిన్న కోత కనిపిస్తే ఆపరేషన్ అయినట్టు. మనుషుల్లో ఎవరి బాధ్యత వారు తీర్చుకున్నారని తెలిపే కోత ఇంతవరకూ రాలేదు. అందుకే కుక్కలకు తిండి పెట్టే చోటు ఏదన్న చర్చకు ఏ కాలనీ సంఘం కూర్చున్నా తంతు ఒకటే. చోటు కావాలని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. పార్కు మూల అంటే పిల్లలు ఆడుకుంటారంటారు. 2023 నాటి కేంద్ర నిబంధనలు కూడా పిల్లలు ఆడే చోటుకు దూరంగానే ఉండాలంటాయి కాబట్టి ఆ అభ్యంతరం నెగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరంటే ఆ ఎదురింటాయన లేస్తాడు. గుడి వెనకాలంటే పూజారిగారు, చెరువు గట్టంటే వాకింగ్ బృందం. ఖాళీ ప్లాటు ఉందిగా అంటే, దాని ఓనరు అమెరికా నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపుతాడు: “అంకుల్, ప్లీజ్, రిజిస్ట్రేషన్ ఉంది.” కుక్కలంటే ప్రాణమని, అక్కడ తన దగ్గర రెండున్నాయని కూడా చేరుస్తాడు.

వచ్చే ఆదివారానికి వాయిదా.

ఇక ఎజెండాలో రెండో అంశం: రాత్రి కాపలా. ఉన్న వాచ్‌మన్ జీతం చాలక మానేశాడు. సీసీ కెమెరాలు పెట్టిద్దామని సెక్రటరీగారు, చందా ఎంతని కోశాధికారిగారు. ఇంటికి ఇంతని లెక్క తేలి, వసూలై, కెమెరాలు బిగించడానికి రెండు నెలలు పట్టొచ్చు. “అప్పటిదాకా ఎట్ల సార్?” అని కొత్తగా అద్దెకొచ్చిన కుర్రాడు అడుగుతాడు. “ఏం కాదులే బాబూ, రాత్రి పదకొండు దాటినంక కొత్తోడు గల్లీలో అడుగుపెడ్తే మన నల్లది ఊకుంటదా?” అంటాడు ఎర్ర సీసా ఇంటాయన. పొద్దున్నే దాన్ని కర్రతో తరిమింది ఆయనే. మినిట్స్ పుస్తకంలో ఆ మాట ఎక్కదు.