అపార్ట్‌మెంటు కింద కిడ్నీ ఆస్పత్రి

మృగశిర కార్తె వచ్చిందంటే పీర్జాదిగూడలో ప్రతి అపార్ట్‌మెంటు కిందా ఒక కిడ్నీ ఆస్పత్రి వెలుస్తుంది. ఇక్కడి డాక్టర్ల మెడలో స్టెతస్కోపు ఉండదు, చేతిలో కొర్రమీను సంచి ఉంటుంది. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య ఇరుక్కుని, ఈదుకుని చేప తెచ్చినవాడికి వైద్యం చెప్పే హక్కు ఆమాత్రం ఉండాలి లెండి.

"మటన్ బంద్ వెట్టు, చికెన్ బంద్ వెట్టు. చాపకేమైతది తమ్మీ, తేలిక!" ఇదీ ప్రిస్క్రిప్షన్. క్రియాటినిన్ పెరిగినా డయాలిసిస్ దాకా ఇంకా వెళ్లని కింది అంతస్తు పెద్దాయన ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం పులుసు, రాత్రి వేపుడు కానిస్తున్నాడు. ఆయన దశలో నెఫ్రాలజిస్టులు మామూలుగా ఒప్పుకునేది కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీను. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. నూరు గ్రాముల చేపలోనే ఇంచుమించు 18 గ్రాములు పోతాయి. పప్పూ పెరుగూ అన్నమూ ఇంకా క్యూలో ఉన్నాయి. చేప తేలికగా అరిగితే అరగవచ్చు, కిడ్నీ మాత్రం దాన్నీ మాంసంలాగే లెక్కేసుకుంటుంది.

వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లే పై అంతస్తు ఆయనకేమో జావ, సొరకాయ. రక్తం శుభ్రమయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలూ కొట్టుకుపోతాయి గనుక ఆయనకు కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రోటీను కావాలి. చేప ముక్క నిజంగా దక్కాల్సింది ఆయనకే. కానీ "పత్యం!" అంటూ ఇంటిల్లిపాదీ కాపలా. కింది కంచం పైకీ, పై కంచం కిందికీ పంపితే సగం వైద్యం అయిపోయేది. లిఫ్టు కూడా పనిచేస్తోంది.

చేపను బోనెక్కించినవాళ్లు చింతపండును కనీసం సాక్షిగానైనా పిలవరు. పులుసులో పొటాషియం పోసేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటే, ఎండుచేపల కూర ఒక్క పూటలోనే ఆ కోటాకు ఎసరు పెడుతుంది. ముల్లుతో సహా నమిలే చిన్న చేపల ఫాస్ఫరస్ సంగతి ఎత్తకపోవడమే మంచిది, విందు చెడుతుంది. కాస్త చదువుకున్న కోడలు 'లో సోడియం' ఉప్పు తెస్తుంది. అందులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడ్. దొంగను గెంటి, వాడి బావమరిదికి తాళాలిచ్చినట్టు.

ఈ ఆస్పత్రిలో సూపర్ స్పెషాలిటీ కూడా ఉంది. చేప కడిగేటప్పుడు పగలకుండా తీసి పారేసే ఆకుపచ్చని చేదు తిత్తిని పచ్చిగా మింగితే షుగరు దిగుతుందట! రోహు, గడ్డిచేప వంటి వాటి పిత్తంలో సిప్రినాల్ అనే విషం ఉంటుంది. వండినా విరగదు. అది మింగి కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రుల్లో చేరినవాళ్ల కథలు చైనా, వియత్నాం, మన దేశపు వైద్య పత్రికల్లో ఉన్నాయి. బాగున్న కిడ్నీతో వెళ్లి పేషెంటుగా తిరిగి రాగల ఏకైక చికిత్స ఇదే.

ఒకసారి డైటీషియన్‌ను అడిగి చూడరాదా అన్నాను.

"ఆమెకు చాప కడుగుడొస్తదా?" అన్నాడు సీనియర్ డాక్టరు, సంచి చేయి మార్చుకుంటూ.