గుంతల చిట్టా మీరే రాసుకోండి!

కారు కొనేటప్పుడు షోరూమ్ కుర్రాడు డ్యాష్‌బోర్డు తెర మీద వేలు పెట్టి ఏమంటాడు? "ఇన్‌బిల్ట్ నావిగేషన్ సార్. దారంతా అదే చూసుకుంటుంది." చూసుకుంటుంది, కాదన్నదెవరు? ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అర్ధరాత్రి అడిగినా చెబుతుంది. పెట్రోలు బంకులు, మాల్స్, స్టార్ హోటళ్లు అన్నీ ఉంటాయి. మరి మీ వీధి మలుపులో కేబుల్ కోసం తవ్వి, నిరుడు వదిలేసి పోయిన గొయ్యి? అది మాత్రం ఉండదు. అందులో అమ్ముకోవడానికి ఏమీ లేదుగా!

పోనీ, మనమే ఎక్కించుకుందామా? భేషుగ్గా. సొంత పాయింట్లు ఎక్కించుకునే వెసులుబాటు కొన్ని పరికరాల్లో ఎప్పటినుంచో ఉంది. గార్మిన్ కంపెనీ నావిగేషన్ పరికరాలకైతే పీఓఐ లోడర్ అనే ఉచిత ప్రోగ్రామే ఉంది. ఎక్సెల్‌లో చిట్టా కొట్టి, సీఎస్‌వీగా సేవ్ చేసి ఎక్కించడమే. పేరు పక్కన @25 అని తగిలిస్తే, అంతకు మించిన వేగంతో అటు వెళ్లినప్పుడు గోల పెడుతుంది. ఒక్కటే మెలిక. ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాయాలి. అలవాటు కొద్దీ తిరగేసి రాశారా, హైదరాబాద్ గుంత పోయి నార్వే వారి స్వాల్‌బార్డ్ మంచుకొండల్లో తేలుతుంది. బెజవాడ గుంత ఏకంగా ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. ఫర్వాలేదులెండి. నార్వే వాళ్లకు తెలిస్తే మనవాళ్లకంటే ముందే వచ్చి పూడ్చేస్తారు.

లక్షలు పోసిన కారులోనో? చాలావాటిలో ఆ సౌకర్యమే లేదు. "ఫేవరెట్స్‌లో పెట్టుకోండి సార్" అంటారు. ఇల్లు, ఆఫీసు, అత్తారిల్లు. మ్యాన్‌హోల్ ఫేవరెట్ ఎట్లా అవుతుందయ్యా?

అసలు ఈ చాకిరీ మనకెందుకు? రోడ్డు వేసినవాడి దగ్గర లెక్క ఉండదా?

స్పీడ్‌బ్రేకర్నే తీసుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దానికి శాస్త్రోక్తంగా కొలతలు రాసిపెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు. ఎత్తు 10 సెంటీమీటర్లు. 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. ఎంత ముచ్చటగా ఉందో! ఇక మన గల్లీకి రండి. మాజీ కార్పొరేటర్ గారి గేటుకు ఇటొకటి, అటొకటి. ఇల్లు కట్టగా మిగిలిన కాంక్రీటు, రాత్రికి రాత్రి పని. అడుగు వెడల్పు, అంతకు తగ్గని ఎత్తు. తెల్లచారలా? నిన్న పడ్డవాడి మోకాలి చర్మమే గుర్తు.

జాతీయ రహదారులకైతే దర్జా ఎక్కువ. అక్కడ చావుకు కూడా అర్హత పరీక్ష ఉంది. అర కిలోమీటరు ముక్క 'బ్లాక్ స్పాట్' అనిపించుకోవాలంటే మూడేళ్లలో మనుషులు చచ్చిన, ఘోరంగా గాయపడ్డ ప్రమాదాలు అయిదు జరగాలి. లేదా పదిమంది పోవాలి. నాలుగే జరిగాయా? సారీ, మార్కులు చాల్లేదు. మళ్లీ రండి. తీరా పాసైన చోట్ల జాబితా ఎక్కడ? పార్లమెంటు జవాబుల వెనక, పీడీఎఫ్‌లో. మీ కారు పీడీఎఫ్ చదువుతుందా? 2022లో ఈ దేశపు రోడ్లు 1,68,491 మందిని మింగాయి. ఆ బ్లాక్ స్పాట్లను కార్లు చదవగల ఫైలుగా ఇంటింటికీ పంచడానికి ఏ ముహూర్తం కోసం ఆగారు?

2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లో ఏమైంది? మ్యాప్ చూపిన దారిన పోయి, వరదకు ఒక కొస కొట్టుకుపోయిన వంతెన మీదికి కారెక్కింది. రామగంగ నదిలో పడింది. ముగ్గురు పోయారు. వంతెన తెగిన సంగతి ఎవరికి తెలియాలి? వరద వచ్చినప్పుడు అక్కడే ఉన్న రోడ్ల శాఖకా, ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికా? కేసులో ఇంజినీర్లతో పాటు గూగుల్ మ్యాప్స్ ప్రతినిధినీ చేర్చారు. ఆ మ్యాప్‌కు కబురు చెప్పిన నాథుడెవరో మాత్రం అడక్కండి.

సర్కారుకు చోట్లు గుర్తుపట్టడం రాదంటారా? అయ్యో, అంత మాటనకండి. చలాన్ చూడండి. ఫలానా జంక్షన్, ఫలానా నిమిషం, ఇంత వేగం, పక్కన మీ బండి ఫొటో. పెళ్లి ఆల్బమ్‌లో కూడా అంత స్పష్టంగా పడి ఉండం! వసూలు కావాలంటే అడుగు కొలత తెలుస్తుంది. అప్పటికీ జనం కట్టకపోతే తగ్గింపు అమ్మకాలు. తెలంగాణలో 2023 చివర కార్ల చలాన్లకు 60 శాతం, బైకులకు 80 శాతం రాయితీ. పండగ సేల్‌కు చీరల కొట్లు కూడా అంత తెగించవు.

ఇప్పుడు కొత్తగా డిజిపిన్ వచ్చింది. తపాలా శాఖ 2025 మేలో తెచ్చింది. తయారీలో మన ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ చేతులున్నాయి. పని మంచిదే, వంక పెట్టను. దేశాన్ని సుమారు నాలుగు మీటర్లకు నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, గడి గడికీ పది అక్షరాల చిరునామా ఇచ్చారు. అంటే ఇక మన గుంతలన్నీ చిరునామా గల గుంతలే. కాస్త ఒళ్లున్నవాటికి రెండేసి అడ్రసులు. ఉత్తరం రాస్తే చేరుతుంది. తారే చేరదు.

కాబట్టి ఫైలు మీరే తెరవండి. గుంతలు మీరే ఎక్కించుకోండి. ఇంకో మాట. మంత్రిగారి కాన్వాయ్ వస్తుందన్న రాత్రి మీ చిట్టాలోని సగం గుంతలు మాయమవుతాయి. రోడ్డు అద్దంలా మెరుస్తుంది. చూసి మురిసిపోయి, ఫైల్లోంచి డిలీట్ చేసేరు సుమా! కాన్వాయ్ ఊరు దాటి, ఒక్క వాన పడనివ్వండి.