సంతకం పెట్టే చెయ్యి

ఏమర్రా, ఈ మధ్య మా మనవడు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పాడు. వాళ్ళ కంపెనీవాళ్ళు లీడర్‌షిప్ మీద రెండు రోజులు శిక్షణ ఇచ్చారట. ఏసీ హాల్లో కూర్చోబెట్టి, తెరమీద బొమ్మలు వేసి, పదిమందిని నడిపించేవాడికి ధైర్యం ఎలా ఉండాలో నేర్పారట. ధైర్యం నేర్పడమేమిట్రా, ఈత నేలమీద నేర్పినట్టు! మధ్యలో సమోసాలు, టీ కూడానట.

మా రోజుల్లో ధైర్యానికి ఒకటే గుర్తు, కాగితం అడుగున సంతకం. నేను రెవెన్యూలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నేను చేరింది మండలాలు రాకముందు, అప్పుడు తాలూకాలు, తహశీల్దార్లు. ఫైలు పైకి పంపితే నిజమైన అధికారి చదివి, అవుననో కాదనో రాసి, కింద పేరు పెట్టేవాడు. పేరు పెట్టాక అది ఆయన మాట, మంచైనా చెడైనా.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీద ఉప్పెన పడింది. సర్కారు లెక్కలోనే దాదాపు 10 వేల ప్రాణాలు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు, బందరుకి దగ్గర్లో ఒక తాలూకా ఆఫీసులో ఉన్నాను. తెల్లారేసరికి ఆఫీసు వాకిట్లో జనం. ఒంటి మీద బట్ట తడారలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. టెలిఫోను స్తంభాలు ఒరిగిపోయాయి, బందరు రోడ్డు మీద ఎక్కడికక్కడ చెట్లు. రేషను గోడౌన్లో బియ్యం ఉన్నాయి. తాళంచెవి ఉన్నవాడు ఏ ఊళ్ళో చిక్కుకున్నాడో తెలీదు.

మా తహశీల్దారు గారు బక్కపల్చటి మనిషి, కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకుని వాడేవారు. తాళం పగలగొట్టించమన్నారు. "పైనుంచి ఆర్డరు లేదు కదండీ" అన్నాను నేను. "పైనెవరున్నారయ్యా ఇప్పుడు, తీగలన్నీ తెగిపోయాయిగా. ముందు కాగితం తే" అన్నారు. ఆఫీసు కాగితాలన్నీ నానిపోయాయి. పక్కింటివాళ్ళ పిల్లాడి లెక్కల నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపి ఇచ్చాను. గళ్ళ కాగితం. దాని మీద పెన్సిలుతో రాశారు: ఈ ఉదయం ఏడూ నలభైకి నా స్వంత బాధ్యత మీద గోడౌను తాళం తీయించి బియ్యం పంచమన్నాను, గుమాస్తాలకు ఇందులో ఎలాంటి బాధ్యతా లేదు. కింద సంతకం, తారీఖు.

ఆ రెండో ముక్క రాయాల్సిన అవసరం ఆయనకి లేదు. ఎవరూ అడగలేదు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడి చేత తాళం పగలగొట్టిస్తున్నానని గుర్తుంచుకుని రాశారు. నాయకుడంటే నాకు ఇప్పటికీ ఆ గళ్ళ కాగితమే గుర్తొస్తుంది.

ఇప్పుడో? అందరి చేతుల్లోనూ ఫోన్లే. గోడౌను ముందు నిలబడ్డవాడు పైవాడికి ఫోటో పెడతాడు, పైవాడు ఆ పైవాడికి పెడతాడు. "గ్రూపులో పెట్టానండీ, రిప్లై రాలేదు" అంటారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఫోను లేకపోవడం మావాళ్ళకి లోటు కాదర్రా, పెద్ద వరం. అడగడానికి మనిషి లేనప్పుడే తనలో మనిషి ఉన్నాడో లేడో తేలేది.

పెద్దవాళ్ళ సంగతీ అంతే. ప్రకాశం పంతులు గారు చొక్కా విప్పి గుండె చూపించారని మీరూ పాఠంలో చదివే ఉంటారు, పరీక్షలో రాసి మర్చిపోయి ఉంటారు. 1928 ఫిబ్రవరి 3, మద్రాసు, సైమన్ కమిషను మన దేశంలో అడుగుపెట్టిన రోజు. పోలీసుల కాల్పుల్లో ఒకడు నేలకూలాడు. ఆ శవాన్ని చూడటానికే పంతులు గారు ముందుకు నడిచారు, తుపాకీ అడ్డం పెట్టింది అప్పుడు. ఏ కుర్రాడినో ముందుకి తోసి తాను వెనకాల నిలబడలేదు. అప్పటికాయనకి యాభై అయిదేళ్ళు, బారిస్టరుగా బోలెడు గడించి, ఆ డబ్బంతా స్వరాజ్య పత్రికలో పోసి పోగొట్టుకున్న మనిషి. ఇప్పటి ధర్నాల్లో చూడండి, కుర్రాళ్ళు ఎండలో, నాయకుడు కారులో అద్దాలు దించకుండా.

అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న మన ఎస్సెల్వీ-3 మొదటిసారి ఎగిరి బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రాజెక్టు కలాం గారి చేతిలో ఉంది. పత్రికలవాళ్ళ ముందు కూర్చుని ఈ ఓటమి మాది, మావాళ్ళ మీద నాకు నమ్మకముంది అన్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు. మరుసటేడు జూలై 18న రోహిణి ఉపగ్రహం కక ్ష్యలోకి చేరింది. ఆ రోజు పత్రికలవాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళమని కలాంని పంపారు. ఈ సంగతి కలాం గారే ఎన్నోచోట్ల చెప్పుకున్నారు. ఇప్పుడైతే రాకెట్ పడిన రోజు కమిటీ, ఎగిరిన రోజు పైవాడి నిలువెత్తు ఫ్లెక్సీ.

ఇదంతా వాడికి చెబుతుంటే మా మనవడు ఒక మాటన్నాడు: "తాతయ్యా, మీ రోజుల్లో పిరికివాళ్ళే లేరా?"

ఉన్నారు. ఎందుకు లేరు. ఫైలు మీద 'ప్లీజ్ స్పీక్' అని రాసి నెలల తరబడి తిప్పినవాళ్ళు ఆ ఆఫీసుల్లోనే ఉన్నారు. దూరం వెళ్ళక్కర్లేదు, నేనే ఉన్నాను. ఉప్పెన వచ్చిన ఏడాదిన్నరకి ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఇరవై మూడు బస్తాలకు వేలిముద్రలు లేవు, మీ జీతంలోంచి ఎందుకు వసూలు చెయ్యకూడదో చెప్పమని తహశీల్దారు గారికి మెమో. అప్పటికే ఆయనకి బదిలీ అయింది. ఆ వేలిముద్రలు తీసుకోవాల్సింది నేను. వాన, చీకటి, జనం తోపులాట, నా చేత కాలేదు. పంచింది నేనేనని ఒక్క ముక్క రాసి పంపి ఉంటే సరిపోయేది. రాయలేదు. పెళ్ళయి నాలుగు నెలలైంది, ఉద్యోగం పోతుందేమోనని భయం. ఆయన ఒకే ఒక్క వాక్యం జవాబు రాశారు, బాధ్యత నాదేనని. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. ఎంత వసూలు చేశారో అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది. నలభై ఏళ్ళు దాటింది, ఆ ఇరవై మూడు బస్తాలు నా వీపు మీదే ఉన్నాయి.

మనవడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. క్రితం నెల వాళ్ళ టీములో కొత్తగా చేరిన అమ్మాయి చేసిన మార్పు వల్ల అర్ధరాత్రి ఏదో సైటు నాలుగు గంటలు ఆగిపోయిందట. చూసి సరేనన్నది నేనే, తప్పు నాది అని పైవాళ్ళకి మెయిల్ పెట్టాడట. ఆ అమ్మాయి పేరు రాయలేదట. ఈసారి ప్రమోషను రాదేమో అన్నాడు, చారు వడ్డించుకుంటూ.

ఫోను తీసి చూపించమన్నాను. చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. బాగానే రాశాడు. కాకపోతే కింద సంతకం లేదు, టైపు కొట్టిన పేరు మాత్రం ఉంది. మా రోజుల్లో అయితే సంతకం ఉండేది.