పంపించాం సార్, బ్లూ టిక్ పడింది!

పాఠం చెప్పడమంటే వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడేయడం అన్న లెక్క ఒకటి మన విద్యాశాఖల్లో స్థిరపడింది. కింద రెండు నీలి టిక్కులు పడితే పాఠం పిల్లాడి బుర్రకెక్కినట్టే. నలుగురు తండ్రులు దండం బొమ్మ పెడితే నూటికి నూరు శాతం ఫలితం. ఆ స్క్రీన్‌షాట్ పై అధికారుల గ్రూపుకెళ్తుంది, అక్కడో బొటనవేలు లేస్తుంది. ఇక బడితో పనేముంది?

ఈ లెక్క ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో తప్పింది.

కరోనాతో బళ్లు మూతపడ్డాక, 2020 ఏప్రిల్ 7న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్' అనే ఆన్‌లైన్ పోర్టల్ తెరిచింది. చదువు మీ గుమ్మంలోకే అని అర్థం. పేరు ఛత్తీస్‌గఢీలో ఉంది. బస్తర్ ఇళ్లలో వినబడేది గోండి, హల్బీ. మన చింతూరు దాటి కోంటా వైపు వెళ్తే తెలుగుకు దగ్గరి దోర్లి. పోనీ, భాష రాని చుట్టమైనా గుమ్మం దాకా రావాలంటే సిగ్నల్ ఉండాలి కదా! పైగా ఏప్రిల్ ఇప్పపూల కాలం. తెల్లారకముందే ఇంటిల్లిపాదీ బుట్టలతో చెట్ల కిందికి చేరతారు. ఆ వెనకే తునికాకు కోత. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే గింటే అది తండ్రి జేబులో అడవికి పోతుంది. గుమ్మం దాకా వచ్చిన చదువు తలుపుకున్న గొళ్లెం చూసి తిరుగుముఖం పట్టాల్సిందే.

నాలుగు నెలలు గడిచాక, ఆగస్టు 15న, ప్రభుత్వమే 'పఢయీ తుంహర్ పారా' అంది. గుమ్మం వద్దు, వాడలో కూర్చుని చెప్పుకుందాం అని. దానికి తోడు 'బుల్టూ కే బోల్'. బుల్టూ అంటే బ్లూటూతే. సంతలో ఉప్పూ పప్పూ కొనుక్కునే మనిషి ఫోన్‌లోకి ఆడియో పాఠం ఎక్కించి పంపడం! అంతకు ముందే జూన్‌లో బస్తర్ జిల్లా భాట్‌పాల్ ఊళ్లో లౌడ్‌స్పీకర్ కట్టి పాఠాలు వినిపించారు. పెళ్లికీ జాతరకూ మోగే మైకు ఎక్కాలు కూడా పలకగలదని తేలింది. అసలు మామూలు ఫోన్‌లోనే గోండిలో కబుర్లు చెప్పుకునే, వినే ఏర్పాటు 2010లోనే శుభ్రాంశు చౌదరి 'సీజీనెట్ స్వర'తో మొదలైంది. కానీ అందులో నీలి టిక్కు పడదు, స్క్రీన్‌షాట్ రాదు. శాఖకు ఎలా నచ్చుతుంది?

ఇది బస్తర్ గోడే కాదు. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాలను అడిగిన సర్వేలో, పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నది 8 శాతం పిల్లలే. మిగతావాళ్ల సంగతి ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ కాలేదు.

బళ్లు తెరిచారు, గ్రూపులు మాత్రం మూయలేదు. కాబట్టి అడ్మిన్లకో విన్నపం. 2011 జనగణనలో బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతానికి లోపే. మీ మెసేజ్ చదవలేనివాళ్లే ఎక్కువన్నమాట. 'రేపు తల్లిదండ్రుల సమావేశం, అందరూ తప్పక రావాలి' అని గ్రూపులో పెట్టండి, కాదనం. కానీ ఊరి కావలివాడు కొత్వార్ ఇంకా ఉన్నాడు. చాటింపు వేస్తాడు. అతనికి రీఛార్జ్ అక్కర్లేదు.