హాలియాలో వడ్రంగం: అందరూ వద్దనే సలహాలు

సొంతంగా ఫర్నిచర్ పని పెట్టుకుంటానంటే ఊళ్లో పదిమంది పది మాటలు చెబుతారు. మెయిన్ రోడ్డు మీద షట్టర్ తీసుకో, ప్లైవుడ్ పనిలో దిగు, అడ్వాన్సు లేనిదే రంపం ముట్టకు, త్వరగా చేసి చేతులు దులుపుకో అంటారు. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా అడ్డం. వ్యాపారం తెలిసినవాళ్లు వింటే తప్పు దారి పట్టిస్తున్నానంటారు. అననీ తమ్ముడూ, హాలియాలాంటి ఊళ్లో వడ్రంగి బతకాలంటే ఇదే దారి అని నా గట్టి నమ్మకం.

ముందు కర్ర సంగతి. ఆర్డరు రాకముందే కర్ర కొను. డబ్బంతా కర్రలో ఇరుక్కుపోతుందని భయపెడతారు. ఇరుక్కోనీ. ఎండాకాలంలో నల్లగొండ జిల్లా వేడి 44, 45 డిగ్రీలకు పోతుంది. పచ్చికర్రతో చేసిన తలుపు ఆ వేడికి కుంచించుకుపోయి సందులిస్తుంది, వానలు పడగానే ఉబ్బి దర్వాజకు పట్టేస్తుంది. ఇంటావిడ రోజూ దాన్ని కాలితో తన్ని తెరుస్తూ నిన్నే తలుచుకుంటుంది. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది పాత లెక్క, రెండంగుళాల టేకు పలకకు రెండేళ్లు. సామిల్లు నుంచి తెచ్చిన పలకలు నేలకు ఆనకుండా దిమ్మెల మీద నీడన పేర్చు. పలకకూ పలకకూ మధ్య సన్నటి పుల్లలు పెట్టు. పై వరస పుల్ల కింది వరస పుల్లకు నిట్టనిలువుగా రావాలి, పక్కకు జరిగితే బరువుకు పలక వంగుతుంది. కొసలకు పెయింటు పూయి. చెమ్మ కొసల నుంచే తొందరగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ఇంత పని చేసిపెట్టుకున్నవాడి దగ్గరికి గిరాకీ ఈ ఏడాది రాకున్నా వచ్చే ఏడాది వస్తుంది.

బల్లార్షా టేకు అని చెప్పి ఘనా నుంచో ఈక్వెడార్ నుంచో కంటైనర్లలో వచ్చే టేకు అంటగట్టేవాళ్లున్నారు. నువ్వు మాత్రం ఏ కర్ర ఎక్కడిదో ముందే చెప్పు. ఇంకో అడుగు ముందుకేసి, కొనేవాణ్ణి పలక దగ్గరికి పిలిచి చేవ ఎంతవరకుందో, అంచున తెల్ల చెక్క ఎంతుందో వేలుపెట్టి చూపించు. పుచ్చుపురుగు ముందు పట్టేది ఆ తెల్ల చెక్కనే. చూపిస్తే బేరం పోతుందంటారు. కొన్ని పోతాయి కూడా. నిలిచిన బేరాలు చాలు. రైతు పొలం గట్టు మీది టేకు చవగ్గా దొరికినా, అటవీశాఖ అనుమతి కాగితం లేని దుంగను ముట్టకు. చెట్టు నరకాలంటే అనుమతి ఉండాలన్న 2002 నాటి వాల్టా చట్టం ఊరికే రాలేదు.

ప్లైవుడ్ పని ఒప్పుకోకు. 303 రకమైనా, నీళ్లకు తట్టుకునే 710 రకమైనా, మనం దాని జోలికి పోవద్దు. ఆ పనికి చదరపు అడుగు లెక్కన ధర కడతారు. రాజస్థాన్ నుంచి వచ్చే జట్లు మిషన్లతో దిగి ఇంటికి ఇల్లు పూర్తిచేసి పోతాయి, వాళ్ల పనితనానికి వంక పెట్టడానికి లేదు. వాళ్లతో వేగంలో పోటీపడితే నీ కూలి రోజురోజుకూ తగ్గుతుంది. దర్వాజలు, పట్టెమంచాలు, దేవుడి మందిరాలు, ఊయల బల్లలు చెయ్యి. మంచం చేస్తే మేకు కొట్టకు. నిలువు పట్టె కుసి, అడ్డపట్టె కుసి కోడు లోపల ఒకదానికొకటి తగలకుండా ఒక బెజ్జం కాస్త పైన, ఇంకోటి కాస్త కింద తొలువు. కుసి సుత్తెతో నాలుగు దెబ్బలకు దిగాలి, చేత్తో తోస్తే దిగకూడదు. ఇల్లు మారేటప్పుడు కోళ్లూ పట్టెలూ విడదీసి ఆటోలో వేసుకుపోయి మళ్లీ బిగించుకుంటారు. మేకులు కొట్టిన మంచాన్ని ఒక్కసారి విప్పితే మళ్లీ బిగువు రాదు.

ఇక అందరూ నాతో తగువు పడే మాట: అడ్వాన్సు తీసుకోకు, పైసలు పంట మీద తీసుకో. ఒకప్పుడు మన వడ్రంగికి రైతు రూపాయి ఇచ్చేవాడు కాదు. ఏడాదంతా నాగళ్లు, గుంటకలు, బండ్లు చేసిపెట్టి, బాగుచేసిపెట్టి, కల్లం దగ్గర మేర గింజలు కొలిపించుకునేవాడు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, ట్రాక్టర్లు దిగాయి, నాగలి పోయింది, దాని వెంటే మేర పోయింది. కానీ పంట డబ్బు వచ్చినప్పుడే ఇల్లు కట్టే అలవాటు పోలేదు. వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరి చేతిలో డబ్బు పడ్డాకే రైతు తలుపుల మాట ఎత్తుతాడు. అడ్వాన్సు తీసుకున్నావంటే తేదీ చెప్పాలి, తేదీ చెప్పావంటే ఆరని కర్ర వాడాలి. తీసుకోకపోతే ఆ రెండు తిప్పలూ లేవు. వానాకాలం పంటకు కొంత, యాసంగికి కొంత తీసుకో. సాగర్ నిండక కాలువకు నీళ్లు రాని ఏడాది వసూలు ఆగిపోతుంది. అప్పుడూ ఒత్తిడి పెట్టకు. కొంత మునుగుతావని నాకు తెలుసు. కష్టకాలంలో ఆగినవాణ్ణి మన రైతు మర్చిపోడు, బిడ్డ పెళ్లికి మంచం, కొడుకు ఇంటికి దర్వాజ నీ దగ్గరే చేయిస్తాడు.

దర్వాజ నిలబెట్టే రోజు పసుపు కుంకుమలతో పూజ చేసి నీకు కొత్త బట్టలు, కట్నం పెడతారు. తీసుకో, కానీ దాన్ని ధర లెక్కలో కలపకు.

రోడ్డు మీద షట్టర్ కిరాయికి పోసే డబ్బు నీ ఇంటి వెనక రేకుల షెడ్డుకు పెట్టు. నువ్వు చేసిన ఏ వస్తువైనా నీ ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ఉచితంగా బాగుచెయ్యి. వానాకాలం రాగానే పాత గిరాకీల ఇళ్లకు రందా పట్టుకుని పో, పట్టేసిన తలుపుల అంచులు నున్నగా చేసి రా. టీ తాగేలోపు ఆ ఇంట్లో ఇంకేం కావాలో వాళ్లే చెబుతారు.

చివరగా అప్పు సంగతి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులున్నారు. పనిముట్లకు 15 వేల రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు ఇస్తారు. ఆ లక్షతో మిషన్లు కొనమని అందరూ చెబుతారు. నువ్వు కర్ర కొను. మొదటి విడత అప్పు నెలనెలా కంతులుగా 18 నెలల్లో తీర్చాలి కాబట్టి రెండంగుళాల పలకల జోలికి పోకు, అంగుళం పలకలు తీసుకో, అవి ఏడాదికి ఆరతాయి. అప్పటిదాకా కంతులు పాత పనుల వసూళ్లతో కట్టు, మిగిలిన ఆరు నెలల్లో వాటిని మందిరాలుగా, పెట్టెలుగా చేసి అమ్మి మిగతా బాకీ తీర్చు. పేరు ఇంకా నమోదు చేయించుకోకపోతే ఈ వారమే ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు పోయి, ఇప్పుడు నమోదు చేస్తున్నారో లేదో అడుగు.