ఈ మేస్టారు పటమటకి పనికిరాడు

థియొడోర్ అడోర్నో అనే జర్మన్ పెద్దమనిషి 1968 ఏప్రిల్ నుంచి జూలై దాకా ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీలో సోషియాలజీ ఓనమాలంటూ 17 క్లాసులు చెప్పాడు. టేపుల్లోంచి దించి 1993లో పుస్తకం వేశారు, 2000లో ఇంగ్లీషులోకి వచ్చింది. మా విజయవాడ పటమట తరఫున శ్రద్ధగా చదివి చెబుతున్నాను: బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏ కోచింగ్ సెంటరూ ఈయన్ని డెమో క్లాసుకి కూడా పిలవదు.

మొదటి రోజే ఏమన్నాడో చూడండి. సోషియాలజీలో చేరేవాళ్ళు పెరిగిపోయారు, ఉద్యోగాలు మాత్రం అన్ని లేవు, అన్నాడు. కొత్తగా చేరినవాళ్ళ మొహం మీదే! ర్యాంకులొచ్చిన పదిమందిని ఫ్లెక్సీకెక్కించి, మిగతావాళ్ళు ఏమయ్యారని తండ్రి అడిగేలోపు ఫీజు రసీదు చేతిలో పెట్టే విద్య ఆయనకి అబ్బలేదు. పోనీ నిర్వచనమన్నా ఇచ్చాడా? ఈ శాస్త్రం ఏమిటో ముందే ఒక వాక్యంలో చెప్పడం కుదరదట, చేస్తూపోతే తెలుస్తుందట. మరి పిల్లాడు నోట్సులో ఏం రాసుకోవాలి, ఆయన బట్టతల బొమ్మా?

సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కి 500 మార్కులు. ఆలోచనాపరుల జాబితాలో ఆరుగురు: మార్క్స్, డర్కైమ్, వెబర్, పార్సన్స్, మెర్టన్, మీడ్. అడోర్నో లేడు. అసలు విచారణ ఇక్కడే ముగియాలి.

కానీ ఒకచోట ఆయన చిత్రమైన మాటంటాడు. సమాజం మనకి సూటిగా తగిలేది నొప్పి పుట్టిన చోటేనట. ఉద్యోగం కోసం తిరిగేవాడికి తలుపులన్నీ వాటంతటవే మూసుకుంటున్నట్టు అనిపించినప్పుడు, అప్పు కోసం చెయ్యి చాచాల్సొచ్చినప్పుడు. ఈ మాత్రం దానికి ఫ్రాంక్‌ఫర్ట్ ఎందుకండీ? పటమటలో టూలెట్ బోర్డు చూసి గేటు తట్టండి. అద్దెంతో చెప్పకముందే ఓనరమ్మగారు సర్వే మొదలెడతారు. "ఏ ఊరు బాబూ? ఇంటిపేరు? నాన్నగారికి పొలమేమన్నా ఉందా? నీచు తింటారా?" నాలుగో జవాబుకల్లా మూడు తరాల లెక్క తేలుతుంది. మనోళ్ళయితే మంచినీళ్ళొస్తాయి. కాకపోతే, "మావారిని కనుక్కుని ఫోన్ చేయిస్తాను." ఆ ఫోన్ ఎప్పటికీ రాదు. ఆ కుర్రాడు వెళ్ళి స్టడీ హాల్లో కూచుని సోషియాలజిస్టు ఘుర్యే చెప్పిన కులవ్యవస్థ లక్షణాలు ఆరూ వల్లె వేస్తాడు. అందులో ఒకటి నిన్న ఆ గేటు దగ్గర తనకే జరిగిందని సారు చెప్పడు. చెబితే సిలబస్ అయ్యేదెప్పుడు?

మనుషుల కంటే మారకమే పైచేయిగా నడిచే సమాజమని అడోర్నో సతాయిస్తాడు. మా పిల్లలకి ఇది కొత్తా? వారం వారం పరీక్ష రాసి, వచ్చిన మార్కుల్ని బట్టి సెక్షన్ మారి, కొత్త బెంచీ మీద కొత్త విలువతో కూచునేవాళ్ళేగా!

డర్కైమ్ ఉన్నాడు, జాబితాలోవాడే. ఆత్మహత్య ఒంటరి మనిషి పిరికితనం కాదు, దాని వేళ్ళు సమాజంలో ఉన్నాయని 1897లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అందులోని నాలుగు రకాలూ షార్ట్‌కట్‌తో సహా మనవాళ్ళకి నోటికొచ్చు. పక్క సందు హాస్టల్లో ఇంటర్ పిల్లాడు పోయాడని తెలిసిన పూట మాత్రం ఆ నాలుగు రకాలూ ఎటుపోతాయో తెలియదు. "లవ్ మేటరంట." "ఇంట్లో గొడవలంట." "మొదట్నుంచీ కాస్త సెన్సిటివేనంట." శవం ఊరు చేరకముందే వీధి తీర్పు ఇచ్చేస్తుంది, తీర్పులో కాలేజీ ఉండదు, ఫీజు కట్టిన మనమూ ఉండం. ఈ చావుల మీద ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి కమిటీ వేసింది, 2017లో చక్రపాణి కమిటీ వేసింది. వాటిలోంచి బిట్లు రావు కనక ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఒక్కటి మాత్రం అడోర్నో పక్షాన ఒప్పుకోవాలి. 1969 జనవరిలో విద్యార్థులు తన పరిశోధన సంస్థలోకి చొరబడితే ఆయనే పోలీసుల్ని పిలిపించాడు. పాఠానికి పనికిరాకపోయినా ఈ ఒక్క అర్హత మీద క్యాంపస్ డీన్‌గా తీసుకోవచ్చు. జీతం దగ్గర కాస్త బేరమాడాలి.